బండి ఎవరి పేర? బీగంచెవి ఎవరి చేతిలో?



ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి నా దగ్గరికి వచ్చి, సంచిలో నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. "అయ్యగారూ, ఆయన కువైటు నుంచి దుడ్లు పంపితే పిల్లోనికి బండి తీసిస్తిమి. అయిదేండ్ల ఇన్సూరెన్సు కూడా కట్టినాము. ఇంక భయం లేదు గదా? కొంచెం చూసి చెప్పండి" అన్నది. కాగితాలు విప్పి చూశాను. బండి ఆమె పేర ఉంది. ఆమెకు సైకిలు తొక్కడం కూడా రాదు. నడిపేది కొడుకు. వానికి అప్పటికి 17 ఏండ్లు.

ఆమెకు ఏమి చెప్పాలో ఆ పూట నాకూ సరిగా తెలియలేదు. మా ఇంట్లోనూ ఇంటరు చదివే కుమారుడున్నాడు. వాడు నా బండి వీధి చివరి అంగడిదాకా తీసుకుపోతుంటే చూసీ చూడనట్లు ఊరుకున్నవాణ్ణే నేను. గనుక ఆ కవరు నిమిత్తమై బీమా పని తెలిసినవారిని అడిగి, చట్టం చదివి తెలుసుకున్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాను.

మన దారి సంగతి మీకు తెలిసినదే. నెల్లూరు, ఆత్మకూరు నుంచి బద్వేలు, మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరు వైపు పోయే 67వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు లారీలు తిరుగుతుంటాయి. పల్లె దారిలో నుంచి ఒక పిల్లవాడు ముగ్గురిని ఎక్కించుకొని ఆ రోడ్డు మీదికి వచ్చేస్తాడు. "ఏం కాదులే" అంటాము.

ముందుగా వయస్సు సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏండ్లు నిండనిదే బండి నడపకూడదు. 16 ఏండ్లవారికి 50 సి.సి. దాటని మోటారు సైకిలు మాత్రం అనుమతించారు. "ఎక్సెల్ బండికి లైసెన్సు ఎందుకు?" అని మనలో చాలామంది అంటుంటారు. ఇప్పటి ఎక్సెల్ 100 సి.సి. బండి. కాబట్టి ఆ మినహాయింపు దానికి చెల్లదు. 2019 సెప్టెంబరు నుంచి అమలులోనికి వచ్చిన సవరణ ఇంకా కఠినమైనది. మైనరు నేరం చేస్తే తల్లిదండ్రులకు లేక బండి యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవానికి 25 ఏండ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. నాకు తెలియకుండా తీసుకుపోయినాడని అంటే సరిపోదు, దానిని రుజువు చేసుకోవలసిన భారం పెద్దలదే.

మరి బీమా ఉంది గదా అంటారు. ఇంటికి వచ్చిన ఒక మైనరు అబ్బాయి యజమానికి చెప్పకుండా మోటారు సైకిలు బీగంచెవి తీసుకుపోయి ప్రమాదం చేసిన కేసు ఒకటి సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. బండి మైనరు చేతికి పోకుండా చూసుకోవలసినది యజమానే అని 2011లో కోర్టు తేల్చింది. నష్టపరిహారం సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోవడానికి కంపెనీకి హక్కు దక్కింది. అంటే అవతలివానికి కంపెనీ డబ్బిచ్చినా, తరువాత అది మన ఇంటి గడప తొక్కుతుంది. ఎకరమో రెండెకరాలో ఉన్న కుటుంబానికి దాని అర్థమేమిటో నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ తల్లి కవరులోని పాలసీకి వద్దాము. చట్టం తప్పనిసరి చేసినది థర్డ్ పార్టీ బీమా. మన బండి వలన గాయపడిన లేక చనిపోయిన పరాయివాని కోసమైనది అది. దాని ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం 75 నుంచి 150 సి.సి. బండికి ఏడాదికి 714 రూపాయలు, 1000 సి.సి. దాటని కారుకు 2,094 రూపాయలు, పన్ను అదనం. నడిపేవాని వయస్సుతో ఈ ధరకు సంబంధం లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు 16 ఏండ్ల పిల్లవాణ్ణి పాలసీలో చేర్చగానే ప్రీమియం ఎంతో పెరిగిపోతుంది. అక్కడ ఆ బిల్లు చూసైనా తల్లిదండ్రులు ఆలోచనలో పడతారు. ఇక్కడ అటువంటి హెచ్చరిక ఏదీ లేదు.

ఈ బీమా మన పిల్లవానికి ఏమిస్తుంది? వాడే జారి పడితే ఏమీ ఇవ్వదు. తండ్రి బండిని అడిగి తీసుకున్న కొడుకు యజమాని స్థానంలోనికి వచ్చినట్లే గనుక పరాయివాడు కాడని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వెనుక కూర్చున్నవారికి కూడా ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ వర్తించదు. చెల్లెలైనా, స్నేహితుడైనా అంతే. బండి నష్టాన్ని కూడా కలిపిన ప్యాకేజీ పాలసీ అయితే వెనుక కూర్చున్నవారికీ వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009లో స్పష్టం చేసింది. (ట్రాక్టరు ట్రాలీలో పెండ్లికి జనాన్ని ఎక్కించుకొని పోయే సంగతి ఎత్తితే ఇంకొక వ్యాసమవుతుంది. ఆ ట్రాలీలోని వారి కోసం చేసిన బీమా కాదది.)

నడిపే యజమాని కోసం వేరొకటి ఉంది. వ్యక్తిగత ప్రమాద బీమా, 15 లక్షల రూపాయలది. 2018లో దానికి ఏడాదికి 750 రూపాయలని పెట్టారు. 2019 నుంచి కంపెనీలే ధర నిర్ణయించుకుంటున్నాయి. మరణానికి, రెండు కాళ్లో రెండు చేతులో పోయినదానికి పూర్తి మొత్తం, ఒక చేయి లేక ఒక కన్ను పోతే సగం. ఎముక విరిగిన ఆసుపత్రి ఖర్చు దీనిలో రాదు. అయితే ఇది ఎవరి పేర బండి ఉందో వారికే, వారికి లైసెన్సు ఉంటేనే. తల్లి పేర బండి, ఆమెకు లైసెన్సు లేదు. కొడుకు నడుపుతాడు, వాడు యజమాని కాడు. 15 లక్షలు ఇద్దరిలో ఎవరికీ రావు! మన పల్లెల్లో ఇటువంటి బండ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. సెకండ్ హాండులో కొని, ఆర్.సి. పాతవాని పేరనే వదిలేసిన బండ్లు కూడా ఈ లెక్కలోనివే.

ఆ "అయిదేండ్ల" మాట కూడా మోసపుచ్చేదే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేండ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. దానితో కలిపి ఇచ్చే బండి నష్టపు బీమా, ప్రమాద బీమా తరచుగా ఒక్క ఏడాదికే ఉంటాయి. పాలసీ కాగితం మీద ఒక్కొక్కదాని ఎదుట వేరు వేరు తేదీలు ఉంటాయి, వేలు పెట్టి చదవండి. ఆమె కాగితంలో రెండు తేదీలు మరుసటి నెలలో ముగుస్తున్నాయి.

ఆ తల్లికి నేను చెప్పినది ఇంతే. పిల్లవానికి 18 నిండేదాకా బండి బయటికి తీయవద్దు. నిండిన తరువాత లెర్నింగ్ లైసెన్సు, పిమ్మట పక్కా లైసెన్సు తీయించి, ఆర్.సి. వాని పేరకు మార్పించండి. 14 దినములలో పాలసీ కూడా మార్చమని కంపెనీకి అర్జీ ఇవ్వండి. అప్పుడు వాని పేరనే ప్రమాద బీమా తీసుకోండి. చేతిలో డబ్బు తక్కువైతే అద్దాలకు, పెయింటుకు ఇచ్చే అదనపు కవర్లు మానుకోండి గాని ప్రమాద బీమా మానవద్దు. బండి అప్పు మీద ఉంటే పేరు మార్చేముందు ఫైనాన్సువారి అనుమతి పత్రం కావాలి, ఆ పనికి నాలుగు మారులు తిరగవలసి వచ్చింది పాపం.

పిల్లవాడు ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు లైసెన్సు వచ్చింది, ఆర్.సి. వాని పేరకు మారింది. బీగంచెవి మాత్రం ఇప్పటికీ రాత్రి తొమ్మిది తరువాత ఆమె బియ్యపు డబ్బాలోనే ఉంటుంది. మా ఇంట్లో అది నా దిండు క్రింద ఉంటున్నది.