పల్నాటి యుద్ధాన్ని ఫోన్‌లో ఆడాలంటే...

పెద్ద స్టూడియో లేదు, కోట్ల బడ్జెట్ లేదు. ఉన్నదల్లా ఒక ల్యాప్‌టాప్, ఒక మంచి కథ. అంతమాత్రంతో ఒక్క మనిషి రోల్ ప్లేయింగ్ గేమ్ తయారు చేయగలడా? ప్రపంచంలో కొందరు చేసి చూపించారు. వాళ్ల పద్ధతి ఏంటో మన పల్నాడు కథతోనే చూద్దాం.

ఏటా కార్తీక అమావాస్య వచ్చిందంటే కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... ఐదు రోజులకి ఐదు పేర్లు. పన్నెండో శతాబ్దంలో జరిగిన యుద్ధంలో నేలకొరిగిన వీరుల ఆయుధాలను ఆచారవంతులు చేతబట్టి నాగులేటి ఒడ్డుకి వస్తారు. కోడిపోరు రోజు నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపందెం ఘట్టం జనం కళ్లముందు మళ్లీ నడుస్తుంది. ఒక మనిషి ఇంకో మనిషి పాత్రలోకి వెళ్లి, ఆ మాటలు మాట్లాడి, ఆ ఆయుధం పట్టుకోవడం. గేమింగ్ భాషలో దీన్నే రోల్ ప్లేయింగ్ అంటారు!

ఆర్పీజీ అంటే కత్తులేనా?

ఆర్పీజీ అనగానే మనకి గుర్తొచ్చేవి లెవెల్స్, ఎక్స్‌పీ, మెరిసే కత్తులు. వీటికి మూలం 1974లో అమెరికాలో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అది కంప్యూటర్ గేమ్ కాదు. కాగితం, పెన్సిల్, పాచికలు పెట్టుకొని, బల్ల చుట్టూ కూర్చొని ఆడే ఆట. దెబ్బ ఎంత తగిలింది, తలుపు తెరుచుకుందా లేదా అన్నది పాచిక చెప్పేది. తర్వాత ఆ లెక్కల పని కంప్యూటర్ తీసుకుంది.

లెక్కలు పక్కన పెడితే ఆర్పీజీకి ప్రాణం మూడు ప్రశ్నలు. నేను ఎవరిని? ఏం నిర్ణయించుకున్నాను? దాంతో ఏం మారింది? పెద్ద కంపెనీ అయితే వీటితోపాటు వందల గంటల ఆట, సినిమా లాంటి గ్రాఫిక్స్ ఇవ్వగలదు. ఒంటరి డెవలపర్ ఆ పోటీకి దిగితే మధ్యలోనే చేతులెత్తేస్తాడు. అందుకే తెలివైనవాళ్లు ముందు ఏం వదిలేయాలో తేల్చుకుంటారు. మిగిలిన ఒక్కదాని మీద ప్రాణం పెడతారు.

మనవాళ్లు ఏం చేశారు?

హైదరాబాద్‌కి చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ అనే గేమ్‌ని స్టీమ్‌లో విడుదల చేసింది. మన పురాణాల ఛాయలున్న యాక్షన్ గేమ్ అది. చిన్న టీమ్ కాబట్టి ప్రతి మూలనీ చేత్తో గీసుకుంటూ పోతే పని తెమలదు. అందుకే కొత్తగా మొదలుపెట్టిన ప్రతిసారీ దారులు, స్కిల్ ట్రీ వాటంతట అవే మారిపోయేలా రూల్స్ రాసుకున్నారు. ఒకసారి చేసిన పని, ఆడేవాడికి పదిసార్లు కొత్తగా కనిపిస్తుందన్నమాట.

మరో భారతీయ ఇండీ స్టూడియో పైరోడాక్టిల్ దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. 2014లో వచ్చిన వాళ్ల ‘అన్‌రెస్ట్’ ప్రాచీన భారతం లాంటి ఒక ఊహాలోకంలో, కరవుతో అల్లాడుతున్న నగరంలో జరుగుతుంది. అందులో మనం ఆడేది ఒక్క మహావీరుడిగా కాదు. ఇష్టంలేని పెళ్లి ముందు నిలబడ్డ పల్లెటూరి అమ్మాయి లాంటి వేర్వేరు మనుషులుగా ఆడతాం. కొట్లాటలు చాలా తక్కువ, మాటలే ఆయుధాలు. ఎదుటివాడికి మన మీద ఉన్న స్నేహం, గౌరవం, భయం ఎంతెంత అన్నది మన మాటల్ని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. గొప్ప యానిమేషన్ అక్కర్లేదు. మాట బాగుంటే చాలు.

పది ప్రశ్నలు, 1024 ముగింపులు

కొత్తగా గేమ్ మొదలుపెట్టిన కుర్రాళ్లు పడే మొదటి గుంట ఇదే. ‘ప్రతి నిర్ణయానికీ కథ రెండుగా చీలాలి’ అనుకుంటారు. ఒక్కసారి చీలితే రెండు దారులు, రెండోసారికి నాలుగు, మూడోసారికి ఎనిమిది. పదోసారికి 1024! అన్ని ముగింపులు రాసేసరికి రాసేవాడికి తల నెరుస్తుంది.

దీనికి అనుభవం ఉన్న డెవలపర్లు వాడే కిటుకు ఒకటుంది. దారులు చీలతాయి, కానీ కాస్త దూరం పోయాక మళ్లీ ఒకచోట కలుస్తాయి. ఏ దారిన వచ్చామన్నది మాత్రం గేమ్ గుర్తు పెట్టుకుంటుంది. టోబీ ఫాక్స్ 2015లో తెచ్చిన ‘అండర్‌టేల్’లో శత్రువుని చంపొచ్చు, వదిలేయొచ్చు. ఏం చేశామో గేమ్ మర్చిపోదు. తర్వాతెప్పుడో మన మొహం మీదే అడుగుతుంది.

ఇక పల్నాడుకి వద్దాం

కథ మీకు తెలిసిందే. గురజాలలో నలగామరాజు, ఆయన వెనక నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయనకి అండగా బ్రహ్మనాయుడు. కోడిపందెంలో మాచర్ల వైపు ఓడింది. ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాల్సి వచ్చింది. గడువు తీరాక రాజ్యం తిరిగి ఇమ్మని అడగడానికి అలరాజు రాయబారిగా గురజాల వెళ్లాడు. ఆయన నలగామరాజుకి స్వయానా అల్లుడు. అయినా ప్రాణాలతో తిరిగి రాలేదు. చివరికి కారంపూడిలో యుద్ధం.

శ్రీనాథుడి పేరు మీద ద్విపద కావ్యంగా, 1947లోనూ 1966లోనూ సినిమాలుగా వచ్చిన కథ ఇది. దీన్ని గేమ్ చేయమంటే ఎవరైనా బాలచంద్రుడి చేతికి కత్తి ఇచ్చి మొదలుపెడతారు. అక్కడే ఒంటరి డెవలపర్ ఆగి ఆలోచించాలి. యుద్ధం చూపించాలంటే వందల సైనికులు, గుర్రాలు, యానిమేషన్. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

మరి ఆడేవాణ్ని గురజాల, మాచర్ల మధ్య కబుర్లు మోసే కుర్రాడిగా పెడితే? రెండు ఊళ్లు, మధ్యలో దారి. మ్యాప్ అంతే. కోడిపందెం, చాపకూడు, ఊరు వదిలి పోవడం, రాయబారం, యుద్ధం ముందు రాత్రి. ఐదే ఘట్టాలు. రెండు ఊళ్లలోనూ అతని మీద నమ్మకం, గౌరవం, భయం ఎంతెంతో గేమ్ లోపల అంకెలుగా దాచుకుంటుంది.

ఉదాహరణకి చాపకూడు. కులం తేడా చూడకుండా అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టించిన పంక్తి భోజనం అది. మన కుర్రాడు గురజాల నుంచి కబురు తెచ్చాడు. మాచర్లలో ఒకాయన పిలుస్తాడు: “ఏందబ్బాయ్, అట్టా నిలబడ్డావు? రా, కూర్చో.”

కూర్చోవచ్చు. ‘ఆకలిగా లేదయ్యా’ అని తప్పుకోవచ్చు. కూర్చుంటే మాచర్లలో నమ్మకం పెరుగుతుంది. కానీ ఆ సంగతి మనకన్నా ముందే గురజాల చేరుతుంది. అక్కడ గౌరవం తగ్గుతుంది. అప్పటికి కథ ఏమీ చీలలేదు, రెండు అంకెలు మారాయంతే. ఏడేళ్ల తర్వాత అలరాజు బయల్దేరే రోజున, ప్రమాదం ఉందన్న కబురు మన కుర్రాడి చెవిన పడిందనుకోండి. ఎవరికి చెప్తాడు? చెప్తే ఎవరు నమ్ముతారు? ఆ రోజు అన్నం దగ్గర తీసుకున్న నిర్ణయం ఇక్కడ తిరిగొస్తుంది. ఒక్క కత్తి తిప్పకుండానే ఆడేవాడి చేతికి చెమట పడుతుంది.

యుద్ధం ఆపొచ్చా?

అసలు చిక్కు ఇదే. ఆపలేకపోతే ‘నా నిర్ణయానికి విలువేంటి?’ అంటాడు ఆడేవాడు. ఆపగలిగితే అది పల్నాటి కథే కాదు. పైగా ఇక్కడి జనం ఇప్పటికీ కొలిచే వీరుల కథ ఇది. ‘కంగ్రాచ్యులేషన్స్, యుద్ధం రద్దయింది’ అని స్క్రీన్ మీద వేస్తే కారంపూడిలో ఎవరూ ఒప్పుకోరు.

2011లో కాన్ గావో ‘ఆర్పీజీ మేకర్’ అనే టూల్‌తో చేసిన ‘టు ద మూన్’ ఇలాంటి చిక్కునే దాటింది. చావుబతుకుల్లో ఉన్న ఒక ముసలాయన గురించిన కథ అది. ఆయన బతకడని మొదట్లోనే తెలుసు. అయినా చివరికి ఆడినవాళ్ల కళ్లు తడుస్తాయి. ఎందుకంటే అక్కడి ప్రశ్న ‘బతుకుతాడా’ అని కాదు, ‘ఎందుకలా కోరుకున్నాడు’ అని. పల్నాటి గేమ్‌లోనూ యుద్ధం ఆగదు. మన కబురు వల్ల ఎవరు ఊరు దాటి బయటపడ్డారు, ఎవరు ఎవరిని క్షమించారు, ఎవరి మాట నిలబడింది... మారేవి అవి.

నాగమ్మ సంగతి కూడా ఇందులోనే తేలాలి. సినిమాకి విలన్ కావాలి. ఆర్పీజీకి మాత్రం ప్రతి మనిషికీ ఒక కారణం కావాలి. మగవాళ్లు నడిపే కొలువులో మంత్రాంగం నడిపిన ఆడమనిషి ఏం కోరుకుంది, దేనికి భయపడింది? ఆమె ఎదుట నిలబడినప్పుడు ఆడేవాడికి ‘ఈమె చెప్పేదీ నిజమేగా’ అని ఒక్క క్షణమైనా అనిపించాలి. అనిపించకపోతే మన కుర్రాడి ముందు ఉన్నది నిర్ణయమే కాదు, జవాబు ముందే తెలిసిన క్విజ్.

తెలుగులో రాస్తే వత్తులు విరగవా?

విరుగుతాయి! తెలుగులో గేమ్ చేద్దామని దిగినవాళ్లకి తగిలే మొదటి రాయి ఇదే. కొన్ని ఇంజిన్లలో ‘క్ష’ రాస్తే క, పొల్లు, ష విడివిడిగా పడతాయి. అక్షరాల్ని సరిగ్గా కలిపే పని ఇంజిన్‌కి తెలియాలి. 2023లో వచ్చిన గోడో 4కి ఆ పని వచ్చు. తగిన తెలుగు ఫాంట్ పెడితే సరిపోతుంది. పైగా అది పూర్తిగా ఉచితం. ముందు మాటలు, దారులు మాత్రమే రాసి చూసుకోవాలంటే ట్వైన్ అనే ఉచిత టూల్ ఉంది, కోడింగ్ పెద్దగా రాకపోయినా పర్లేదు.

డెవలపర్ ఖాతాకి ప్లే స్టోర్ ఒకేసారి 25 డాలర్లు తీసుకుంటుంది. స్టీమ్ అయితే ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు. డబ్బుకన్నా పెద్ద ఖర్చు కాలం. ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని ఎరిక్ బారోన్ ఒక్కడే కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ చేసుకొని 2016లో విడుదల చేశాడు. దానికి నాలుగున్నరేళ్లు పట్టింది. బీటెక్ సెకండియర్‌లో మొదలుపెట్టినవాడికి అది ఉద్యోగం, ఇంటి బాధ్యత మీద పడే వయసు. అందుకే మొదటి గేమ్ ఒక గంటలో ఆడేసేంత చిన్నది కావడమే మంచిది.

నరసరావుపేటలోనో, మాచర్లలోనో ఈ పని మొదలుపెట్టేవాళ్లకి ఒక లాభం ఉంది. కథ అడగడానికి ఊళ్లో పెద్దవాళ్లున్నారు. ‘ఎట్టా’, ‘ఏంది’, ‘యాడికి’ అనే మాటల్ని డిక్షనరీలో వెతుక్కోవాల్సిన పని లేదు. ముందు ఒక్క చాపకూడు ఘట్టం రాయండి. మూడు మాటలు, రెండు జవాబులు, మారే రెండు అంకెలు. దాన్ని ఒక ఫ్రెండ్ చేతికిచ్చి మీరు నోరు మూసుకొని కూర్చోండి. ఏ జవాబు నొక్కాలో తేలక అతని వేలు స్క్రీన్ మీద ఒక్క క్షణం ఆగితే, మీ గేమ్ మొదలైనట్టే.