భారతం మిట్టమీద జాజ్ మేళం

జాజ్ అనగానే మన ఇళ్ళలో చాలామందికి ఒకటే బొమ్మ కళ్ళకు కడుతుంది. సినిమాలో ప్రతినాయకుడి క్లబ్బు, పొగ, గాజు గ్లాసులు, మూల నిలబడి బుగ్గలు పూరించి ట్రంపెట్ ఊదే సూటు మనిషి. అదే సినిమాలో కథానాయిక ఇంట్లో వీణ వుంటుంది. ఏ వాయిద్యం ఏ ఇంట వినిపించిందో దాన్నిబట్టి ఆ ఇంటివాళ్ళ గుణగణాలు ప్రేక్షకుడు ఇట్టే తేల్చేసుకుంటాడు. ఇంతకూ ట్రంపెట్ చేసిన పాపం ఏమిటో ఎవ్వరూ అడగలేదు. నాటకం సంగతీ దాదాపు ఇంతే. "ఫలానావారి అబ్బాయి నాటకాలలో చేరాడట" అన్నమాటకు వెనుకటి పెద్దల నోట ఏమర్థం వుండేదో వేరే చెప్పనక్కరలేదు. చెడ్డపేరు మోసిన ఈ రెండు కళలనూ పక్కపక్కన కూర్చోబెట్టి చూస్తే మాత్రం, సంఘాన్ని గురించి మర్యాదస్తులు పైకి అనని విషయాలు కొన్ని బయటపడతాయి.

ఇందుకు అమెరికా దాకా ముందే పరుగెత్తనక్కరలేదు. మదనపల్లె దాటి వాల్మీకిపురం వెళితే చాలు. కాగితాలమీద వాల్మీకిపురమే గాని, జనం నోట అది వాయల్పాడే. వాల్మీకి తపస్సు చేసిన చోటని ఐతిహ్యం. పట్టాభిరాముడు కొలువైన ఊరు గనుక రామాయణానికి పుట్టిల్లని గర్వం కూడా కొంత వుంది. అయినా ఎండలు ముదిరేసరికి ఈ చుట్టుపట్ల పల్లెలను ఏలేది భారతం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మొదలుకొని పాత చిత్తూరు జిల్లా అంతటా ధర్మరాజు గుళ్ళూ, ద్రౌపదమ్మ గుళ్ళూ వున్నాయి. అక్కడ పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. పగలు భాగవతారు ఏ కథ చెప్పాడో రాత్రి ఆ కథనే వేషగాళ్ళు ఆడతారు. కొన్ని ఊళ్ళలో ఆ మైదానానికి భారతం మిట్ట అన్న పేరే స్థిరపడిపోయింది.

ఇది తెరముందు కూర్చుని చూసే నాటకం కాదు. బకాసురవధ నాడు భీముడు అన్నం బండి ఎక్కి వీధులవెంట తింటూ పోతాడు. ఆ బండిలోని అన్నం మన వీధిలో వండినదే. అర్జునుడి తపస్సు నాడు మైదానంలో ఎత్తైన మాను పాతుతారు. వేషధారి ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ పద్యాలు పాడతాడు. పైకి చేరి నిమ్మకాయలూ, పండ్లూ, విభూతీ కిందికి విసురుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో ఆ మాను చుట్టూ సాష్టాంగపడి వుంటారు. వాళ్ళ దృష్టిలో పైనున్నది పక్క పల్లెలో మడి దున్నుకునే మనిషి కాదు. అతనికీ ఆ సంగతి తెలుసు. అందుకే కాబోలు, ఆ మాను ఎక్కబోయే వేషధారి ఉపవాసాలుండి, నియమాలు పాటించి, భయభక్తులతో ఎక్కుతాడు.

ఇక ఆట సంగతి. కథ అందరికీ తెలిసినదే. జూదంలో ధర్మరాజు ఓడిపోతాడని పాలుతాగే పిల్లవాడు తప్ప అందరికీ తెలుసు. మరి తెల్లవారే వరకు జనం ఎందుకు కూర్చుంటారు? ఏం జరుగుతుందో చూడడానికి కాదు, ఈ రాత్రి ఈ మనిషి దాన్ని ఎట్లా అంటాడో వినడానికి. పద్యం ఒకటే. కాని హార్మోనియం పెట్టె పట్టుకున్నాయన ఒక స్వరం దగ్గర ఆగి ఊరించాడంటే వేషగాడు అక్కడినుంచి రాగాన్ని ఎటో తీసుకుపోతాడు. మద్దెల అతన్ని తరుముతుంది. వంతపాటవాళ్ళు చివరిమాట అందుకుని తిరిగి అతని చేతికే ఇస్తారు. "వన్స్ మోర్" అన్నారంటే రెండోసారి అదే పద్యం మరొక పద్యమైపోతుంది. హాస్యగాడి సంగతి చెప్పనే అక్కరలేదు. అతనికి రాసిపెట్టిన మాట అంటూ వుండదు. విరాటుడి కొలువులో నిలబడి ఊళ్ళోని వడ్డీ వ్యాపారినీ, నీళ్ళ తగాదానూ, నిన్న జరిగిన పంచాయతీనీ అంటించి వదులుతాడు. ఆ పెద్దమనిషి ముందువరుసలో కూర్చుని నవ్వక తప్పదు. ఆ మాటే మర్నాడు పగలు అరుగుమీద అంటే ఏమయ్యేదో హాస్యగాడికి తెలియనిది కాదు.

జాజ్‌కు ప్రాణం కూడా సరిగ్గా ఇక్కడే వుంది. ఒక పాట, దానికి లెక్క కట్టిన తాళం. ఆ హద్దులోపల ప్రతి వాద్యగాడూ తనవంతు రాగానే అప్పటికప్పుడు కల్పించి వాయించాలి. నిన్న వాయించినది నేడు వాయిస్తే తోటివాళ్ళే చిన్నచూపు చూస్తారు. ఒకడు అడిగినట్టు పాడడం, తక్కినవారు బదులు చెప్పినట్టు అందుకోవడం ఆఫ్రికానుంచి బానిసలుగా పట్టుకుపోయిన జనం పొలంపనిలోనూ, ప్రార్థనలోనూ నిలుపుకున్న పద్ధతి. మన వంతపాటకు అది దూరపు చుట్టం. అయితే ఆ సంగీతానికి మొదటి గ్రామఫోను రికార్డు 1917లో ఇచ్చినవారు మాత్రం తెల్లవాళ్ళు. కళ ఎవరిదో, రికార్డుమీద పేరు ఎవరిదో అన్న గొడవ ఆనాడే మొదలయింది.

మదనపల్లె దగ్గర వున్నాం గనుక ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ఇక్కడి థియోసాఫికల్ కళాశాలలో బసచేసి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతీ, మార్గరెట్ కజిన్స్ దాని వరుసకు స్వరలిపి కట్టిన సంగతీ మనవాళ్ళకు తెలిసినవే. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ నాటకకర్త అన్నది అంతగా తెలియదు. 1902లో డబ్లిన్‌లో ఐరిష్ జాతీయ నాటకరంగం తొలి అడుగులు వేసేటప్పుడు ఆడిన నాటకాలలో ఆయనవీ వున్నాయి. పరాయి ఏలుబడిలో వున్న జాతి నాటకశాలలో తన ముఖం తాను చూసుకోవడం ఎరిగిన మనిషి వచ్చి మన మదనపల్లెలో పాఠాలు చెప్పాడు. ఆ 1919లోనే జాజ్ సముద్రం దాటి లండను చేరింది.

అసలు విషయానికి వద్దాం. వేషం వేసేది ఎవరు, చూసేది ఎవరు, కుర్చీ ఎవరికి, నేల ఎవరికి? న్యూయార్కు హార్లెంలో కాటన్ క్లబ్ అని వుండేది. 1927లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం అక్కడ కుదురుకుంది. వాయించేవాళ్ళు, ఆడేవాళ్ళు నల్లవాళ్ళు. బల్లల దగ్గర కూర్చునేవాళ్ళు తెల్లవాళ్ళు. వేదిక అలంకారం పత్తితోటలదీ, అడవులదీ. అంటే, నిన్నటి బానిసత్వాన్నే ముచ్చటైన తెరగా వేలాడదీసి దానిముందు ఆ మహావిద్వాంసుడిచేత వాయించారన్నమాట. మనం ముక్కుమీద వేలు వేసుకునే ముందు మన మిట్టవైపు ఒకసారి చూసుకోవాలి. పాతరోజుల్లో ఏ కులంవారు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎంత దూరాన నిలబడి చూడాలో వేరే పలక కట్టనక్కరలేకుండానే అందరికీ తెలుసు. రాత్రంతా కిరీటం పెట్టుకుని ధర్మపన్నాలు చెప్పిన మనిషి పొద్దున్నే అదే పెద్దరైతు కల్లంలో చేతులు కట్టుకుని నిలబడతాడు. కిరీటం అట్టదే, సరే. కాని ఆ మాటలు అన్న గొంతు అతనిదే గదా!

రెండూ ఒకటే అని నేను అనడం లేదు. మన భారతం ఊరంతా చందాలు వేసుకుని వర్షం కోసం, పంట కోసం జరిపించుకునే ఉత్సవం. జాజ్‌కు మూలం తీరని గాయం. ఎంత పోలిక తెచ్చినా ఈ తేడా చెరిగిపోదు.

అయినా ఒక్కచోట రెండూ బాగా దగ్గరికి వస్తాయి. వస్త్రాపహరణం రాత్రి ద్రౌపది వేషం మగవాడే వేస్తాడు. వెనుకటినుంచీ అదే వాడుక. ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని బళ్ళారి రాఘవ పట్టుబట్టాడు. సురభివారింట ఆడవాళ్ళు ఎప్పుడో రంగమెక్కారు. పల్లె వీధినాటకానికి మాత్రం ఆ గాలి ఆలస్యంగా సోకింది. చీరకట్టులో వున్నది ఫలానా ఊరి ఫలానా మనిషి అని ముందువరుస ముసలమ్మకు తెలిసే వుంటుంది. అయినా దుశ్శాసనుడు జుట్టు పట్టుకోగానే ఆమె కొంగు నోట కుక్కుకుంటుంది. సభలో పెద్దలంతా వున్నారు, ఒక్కరూ నోరెత్తలేదు. ఆ పద్యం వింటున్న ఆడవాళ్ళలో, ఇంటి పెద్దలు తలదించుకుని ఊరుకున్న రోజొకటి జ్ఞాపకం రానివాళ్ళు ఎందరుంటారు? మైదానంలో మగవాళ్ళవైపు కూడా ఆ కాసేపు చప్పుడు వుండదు.

1939లో న్యూయార్కులో కేఫ్ సొసైటీ అనే చోట బిల్లీ హాలిడే ఒక పాట పాడడం మొదలుపెట్టింది. పేరు 'స్ట్రేంజ్ ఫ్రూట్', వింత పండు. దక్షిణాది రాష్ట్రాలలో గుంపులు నల్లవాళ్ళను పట్టి చెట్లకు ఉరితీసే ఘోరాన్ని గురించి ఏబెల్ మీరోపోల్ అనే బడిపంతులు రాసినది. ఆ పాట వచ్చేసరికి సరఫరా చేసేవాళ్ళు చేతిలోది ఆపి నిలబడిపోవాలి. గదిలో దీపాలన్నీ ఆర్పేవారు. ఆమె ముఖంమీద ఒక్క వెలుగు. పాట కాగానే అదీ ఆరిపోయేది. తిరిగి వెలిగేసరికి ఆమె అక్కడ వుండేది కాదు. చప్పట్లకు వచ్చి నమస్కరించడం లేదు. ఉల్లాసంగా కాలం గడుపుదామని టిక్కెట్టు కొన్నవాళ్ళు కురుసభలోని పెద్దల స్థానంలో కూర్చోవలసి వచ్చింది.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ ఇంకో రకం. అతను ఎప్పుడూ నవ్వుతూ, చేతిరుమాలుతో చెమట తుడుచుకుంటూ తెల్లవాళ్ళను అలరిస్తాడని సొంతవాళ్ళే కొందరు ఎగతాళి చేసేవారు. మన హాస్యగాడిలాంటివాడే అనుకోండి. 1957లో లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిదిమంది నల్లపిల్లలను బడిలోకి పోనివ్వకుండా అడ్డగించారు. ప్రభుత్వం అతన్ని దేశానికి ప్రతినిధిగా రష్యా పంపదలుచుకుంది. అతను ప్రభుత్వాన్ని దులిపివేసి ఆ ప్రయాణం మానుకున్నాడు. మర్నాడు కల్లానికి పోవలసి వుండి కూడా పగటిపూట నోరువిప్పిన హాస్యగాడన్నమాట. తరువాత డేవ్ బ్రూబెక్ దంపతులు ఇదే వస్తువుతో ఆర్మ్‌స్ట్రాంగ్ కోసం ఒక సంగీతనాటకం రాశారు. పేరు 'ది రియల్ అంబాసిడర్స్', నిజమైన రాయబారులు. 1962లో మాంటెరే జాజ్ ఉత్సవంలో వేదికమీద వినిపించారు. దేవుడి రంగు ఏమిటన్న చర్చమీద అందులో ఒక పాట వుంది. జనం నవ్వుతారని రాసిన మాటలవి. ఆర్మ్‌స్ట్రాంగ్ వాటిని నవ్వించకుండా, కళ్ళ నీళ్ళతో పాడాడు. రాసినవాళ్ళే నిర్ఘాంతపోయారు. రాసిన మాట మార్చకుండానే అర్థం మార్చడం ఎట్లాగో మన పద్యనాటకం నటులను అడిగితే చెబుతారు.

ఈ బ్రూబెక్కే 1958లో మన దేశం వచ్చి మద్రాసులో మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళెగారిని కలుసుకున్నాడు. పిళ్ళెగారూ, బ్రూబెక్ బృందంలోని డ్రమ్ము వాద్యగాడు జో మొరెల్లో కలిసి వాయించారు. ఒకరి భాష ఒకరికి రాదు. లెక్క మాత్రం ఇద్దరికీ వచ్చు. మరుసటి ఏడు ఆ బృందం అయిదు అక్షరాల తాళంలో 'టేక్ ఫైవ్' వాయించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. ఖండచాపు నేర్చిన మన పదేళ్ళ పిల్ల అయితే తొడమీద వేసి చూపించి "ఇంతేనా?" అనేది!

చివరిరోజు భారతం తెల్లవారాక ముగుస్తుంది. మిట్టమీద మట్టితో కొండంత దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి చేస్తారు. నిజమైన దుర్యోధన వేషధారి గద పట్టుకుని ఆ మట్టిమనిషి మీద నిలబడి పద్యాలు పాడుతూ భీముణ్ణి రెచ్చగొడతాడు. ఇద్దరూ ఆ బొమ్మ చుట్టూ పరుగులు తీస్తారు. చిట్టచివరికి గద తొడమీద పడగానే లోపల దాచిన ఎర్రనీళ్ళ కుండ పగులుతుంది. ద్రౌపది వచ్చి ఆ ఎరుపు తలకు రాసుకుని, ఇన్నాళ్ళూ విరబోసుకున్న జుట్టు ముడివేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం. ఈలోగా ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ దుర్యోధనుడిమీద పడతారు. తలా పిడికెడు మట్టి తీసి కొంగున ముడివేసుకుంటారు. ఇంట్లో పెట్టుకుంటే మంచిదట, పొలంలో చల్లితే పంటట. మధ్యాహ్నానికి అక్కడ చక్రవర్తి వుండడు; ఎర్రబడిన నేలా, నాలుగు అడుగుల గుంటా, పిడికిలి నిండా మట్టి పట్టుకుని ఇంటికి పరుగెత్తే పిల్లలూ.