కౌన్సిలరు నుంచి శాసనసభ దాకా

వీధి కుళాయి ఎండిపోయినా, ఇంటిముందు మురుగు నిలిచినా ముందు అవస్థ పడేది ఎవరండీ? మనమే కదా! ఆ పనులు చూసే మునిసిపాలిటీ మాత్రం మగవాళ్ల వ్యవహారమని ఊరుకుంటాం. జె. ఈశ్వరీబాయి గారు ఊరుకోలేదు.

ఆమె 1918లో సికిందరాబాదులో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్లి. తర్వాత కూతురితో తిరిగివచ్చి, బడిలో పంతులమ్మగా చేరారు. 1950ల మొదట్లో చిలకలగూడ వార్డు నుంచి కౌన్సిలరుగా గెలిచారు. అప్పటికి మనకు మూడోవంతు సీట్లనే మాటే లేదు సుమండీ. 74వ రాజ్యాంగ సవరణతో 1993లో గాని అది రాలేదు.

కౌన్సిలరుకి వార్డే లోకం. శాసనసభ్యురాలైతే బడ్జెట్టు మీద మాట్లాడాలి, చట్టాలకు ఓటెయ్యాలి, మంత్రుల్ని నిలదీయాలి. 1967లో ఈశ్వరీబాయి గారు నిజామాబాదు జిల్లా ఎల్లారెడ్డిలో రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడ్డారు. షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానమది. ఎదుట కాంగ్రెసు అభ్యర్థి ఎవరనుకున్నారు? టి. ఎన్. సదాలక్ష్మి గారు! అప్పటికే మంత్రిగా, డిప్యూటీ స్పీకరుగా చేసిన మనిషి. అటువంటి ఆడవాళ్లిద్దరు ఒకే సీటుకి తలపడటం నాకైతే ముచ్చటేస్తుంది. ఈశ్వరీబాయి గారే గెలిచారు, 1972లో మళ్లీ గెలిచారు. మధ్యలో 1969లో తెలంగాణ ఉద్యమం వస్తే, గెలిచినావిడా ఓడినావిడా ఇద్దరూ అందులోకి దిగారు.

1991లో ఆమె కన్నుమూశారు. కూతురు డాక్టర్ జె. గీతారెడ్డి గారు 1989లోనే, తల్లి బతికుండగా, గజ్వేలు నుంచి శాసనసభకు వెళ్లారు.