అప్పన్న కొండ చుట్టూ రాత్రి నడక

విశాఖపట్నం పక్కనే సింహాచలం కొండ ఉంది. కొండ మీద వరాహ లక్ష్మీ నరసింహస్వామి గుడి ఉంది. జనం ఆయన్ని అప్పన్న అంటారు.

ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందురోజు లక్షలమంది ఈ కొండ చుట్టూ నడుస్తారు. ఇదే గిరి ప్రదక్షిణ. మొత్తం 32 కిలోమీటర్లు. చాలామందికి రాత్రంతా పడుతుంది.

గోదావరి జిల్లాల ఆడవాళ్లు కూడా రైలెక్కి వెళతారు. కొందరికి తోడు ఉండదు. "ఒక్కదానివే ఎలా వెళతావు?" అని ఇంట్లో అడుగుతారు. జాగ్రత్తలు తెలిస్తే వెళ్లవచ్చు.

కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెడతారు. అడవివరం, హనుమంతవాక మీదుగా సముద్రం ఒడ్డుకు చేరతారు. మాధవధార, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ దగ్గరకు వస్తారు.

ఆషాఢంలో ఉక్క ఎక్కువ. రాత్రి కూడా చెమట కారుతుంది. చెమటతో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. అప్పుడు పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. లీటరు మంచినీళ్లలో 6 టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి వెంట ఉంచుకోవాలి. కొంచెం కొంచెంగా తాగాలి.

చాలామంది చెప్పులు లేకుండా నడుస్తారు. షుగరు జబ్బు ఉన్నవాళ్లకు పాదానికి దెబ్బ తగిలినా నొప్పి తెలియకపోవచ్చు. పుండు ముదురుతుంది. వాళ్లు ముందే డాక్టరును అడగాలి.

పేరు, ఊరు, ఇంటివాళ్ల ఫోను నంబరు కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోవాలి. ఆ కాగితం ఎవరిచేతా రాయించనక్కరలేదు. చదువు నేర్చిన చెయ్యే రాస్తుంది. దారిలో బోర్డులు కూడా ఆ చదువుతోనే చదువుకోవచ్చు.

ఒళ్లు సహకరించకపోతే ఆగిపోవాలి. అది పాపం కాదు. అప్పన్న ఎక్కడికీ పోడు. వచ్చే ఏడాది మళ్లీ నడవవచ్చు.