నాలుగు తక్కువ నూట అరవై

డిసెంబరు చివర్లో లంబసింగి వెళ్తే తెల్లవారుజామున ఐదింటికి ఉండే పని ఒకటే, చలిమంట దగ్గర చోటు వెతుక్కోవడం. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడట. కాఫీ అమ్ముతున్నావిడ స్టీలు గ్లాసు చేతిలో పెడుతూ "ఇంతకన్నా చలి ఇంకెక్కడైనా ఉంటాదా బాబూ?" అంది. ఉంటుందంటే నమ్మేలా లేదు. కానీ ఉంటుంది. అదీ ఎక్కడో కాదు, వేసవిలో వడగాడ్పులు కొట్టే కృష్ణా ఒడ్డున.

2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ పెడుతున్నట్టు ప్రకటించారు. అందులో పెట్టాలనుకున్న క్వాంటమ్ కంప్యూటర్ ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ. దాని గుండెకాయ హెరాన్ అనే చిప్పు, 156 క్యూబిట్లు. మామూలు కంప్యూటర్‌కు బిట్ ఎలాగో దీనికి క్యూబిట్ అలాగ. ఆ చిప్పు పనిచేయాలంటే దాన్ని 0.015 కెల్విన్ల దగ్గర ఉంచాలి. లంబసింగిలో నీళ్లు గడ్డకట్టేంత చలి పడిందనుకుందాం. అంటే 273 కెల్విన్లు. ఆ లెక్కన చిప్పు చుట్టూ ఉండే చలి ముందు మన లంబసింగి 18 వేల రెట్లు వేడిగా ఉన్నట్టు. నక్షత్రాల మధ్య ఖాళీ ఆకాశం కూడా 2.7 కెల్విన్లు ఉంటుంది. అదీ ఈ చిప్పు కన్నా 180 రెట్లు వేడే.

ఇంత చలి ఎందుకంటే, క్యూబిట్‌ను ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి తిప్పడానికి వాడే సూక్ష్మతరంగం చాలా బలహీనం. దాని శక్తిని ఉష్ణోగ్రతలోకి మార్చి చూస్తే కెల్విన్‌లో పావు వంతు కూడా ఉండదు. చుట్టూ అంతకన్నా వేడి ఉంటే ఆ వేడే క్యూబిట్‌ను ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తుంది. అందుకే రెండు రకాల హీలియంతో నడిచే ఓ పెద్ద శీతల యంత్రంలో దాన్ని వేలాడదీస్తారు. ఇంత చలి అక్కర్లేని రకాలూ ఉన్నాయి. అయాన్లను శూన్యంలో ఉచ్చు బిగించి పట్టే పద్ధతి వాటిలో ఒకటి. దానికి లేజర్ల పటాలం కావాలి. ఏ రకమైనా చొక్కా జేబులో పట్టేది మాత్రం కాదు.

ఇక 156 అనే అంకె సంగతి. దాన్ని తూచడానికి నా చేతిలోని గ్లాసే తూకపురాయి.

కాఫీలో మనల్ని లేపే పదార్థం కెఫీన్. అణువులో 24 పరమాణువులు, 102 ఎలక్ట్రాన్లు. ఆ ఎలక్ట్రాన్లన్నీ ఒకదాన్నొకటి ఎలా నెట్టుకుంటున్నాయో, ఏమీ వదలకుండా మామూలు కంప్యూటర్లో రాసుకోవాలంటే 1 పక్కన 48 సున్నాలు పెట్టినన్ని బిట్లు కావాలని ఐబీఎం వాళ్లు చాలా ఏళ్లుగా చెప్పే లెక్క. ఈ భూగోళంలో ఉన్న పరమాణువుల్లో దాదాపు నూరో వంతు అది. అదే పనికి 160 క్యూబిట్లు చాలంటారు. ఒక్కో క్యూబిట్ చేరినప్పుడల్లా లెక్క రెట్టింపవుతుంది కాబట్టి ఇలా వస్తుంది. 10 క్యూబిట్ల స్థితి పూర్తిగా రాయాలంటే 1,024 సంఖ్యలు చాలు. 50 క్యూబిట్లకు వచ్చేసరికి 128 జీబీ ఫోన్లు లక్షా నలభై వేలు కావాలి. 160కి ఫోన్లు లెక్కపెట్టడం మానుకోవడమే మంచిది.

అమరావతి యంత్రంలో 156. అంటే నాలుగే తక్కువ! రెట్టింపుల లెక్కన ఆ నాలుగూ లేకపోతే పదహారో వంతే మిగులుతుంది, నిజమే. అయినా పదిలో తొమ్మిది మెట్లు ఎక్కేసినట్టేగా అనిపిస్తుంది. మొదటిసారి ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. అరకు కాఫీ ఘాటు లెక్క అమరావతిలో తేలుతుందని ఓ శీర్షిక కూడా మనసులో రాసేసుకున్నాను. తరువాత తెలిసింది, ఆ 160 వేరు, ఈ 156 వేరని. 160 అన్నది తప్పు చేయని క్యూబిట్ల లెక్క. 156 అన్నది తప్పులు చేసే క్యూబిట్ల లెక్క.

ఆ తేడా అర్థం కావాలంటే విశాఖలో కిరండూల్ రైలెక్కి అరకు వైపు రండి. కొత్తవలస-కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయి. బొర్రా గుహలు దాటాక, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషన్ వస్తుంది. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలేస్తారు. ఆ గోలలో మీరు పక్క సీటాయన చెవిలో ఒక మాట చెప్పారు. ఆయన దాన్ని సొరంగానికొకరి చొప్పున దాటిస్తూ పోవాలి. ఒక్కో సొరంగంలో మాట చెడిపోయే అవకాశం వెయ్యికి మూడే. 58 సొరంగాలూ దాటేసరికి అది చెక్కుచెదరకుండా చేరే అవకాశం 84 శాతం. పర్వాలేదు. వెయ్యి సొరంగాలుంటే? 5 శాతం. ఐదు వేలుంటే? ముప్పై మూడు లక్షల్లో ఒకటి.

హెరాన్ తరం చిప్పుల మీద రెండు క్యూబిట్లను కలిపే ఒక్క పనిలో తప్పు జరిగే అవకాశం ఇంచుమించు అంతే, వెయ్యికి ఒకటి నుంచి మూడు. ఐదు వేల పనుల దాకా తోసుకుపోగలమని ఐబీఎం చెబుతోంది. మళ్లీ మళ్లీ నడిపి, వచ్చిన చెత్తలోంచి గణాంకాల జల్లెడతో జవాబును ఏరుకునే పద్ధతి అది. కల్లంలో ఆరబోసిన కాఫీ గింజల్లో పుచ్చువి చేత్తో ఏరేయడం లాంటిదే. గింజలు బస్తాడుంటే ఏరగలం. కొండంత ఉంటే? కెఫీన్ లాంటి లెక్కకు కావాల్సిన పనులు వేలల్లో ఆగవు, కోట్లలో ఉంటాయి.

కాబట్టి అసలు కిటుకు తప్పుల్ని సరిదిద్దుకోవడం. చాలా క్యూబిట్లను జట్టు కట్టి, ఒకదాన్నొకటి కాపలా కాసేలా పెట్టి, అన్నీ కలిపి ఒకే ఒక్క నమ్మకమైన క్యూబిట్‌గా వాడుకోవడం. దీన్నే లాజికల్ క్యూబిట్ అంటారు. 2024 డిసెంబరులో గూగుల్ విల్లో అనే చిప్పుతో దీన్ని గట్టిగా చూపించింది. చిప్పులో ఉన్నవి 105 క్యూబిట్లు. వాటిలో దాదాపు అన్నీ కలిస్తే తయారైనది ఒక్క లాజికల్ క్యూబిట్. నవ్వొస్తుంది గానీ, ఈ రంగంలో నేను చదివిన వార్తల్లో అన్నిటికన్నా బరువైనది ఇదే. జట్టును ఒక్కో మెట్టు పెంచినప్పుడల్లా తప్పులు 2.14 రెట్లు తగ్గాయి. అంతకుముందు చాలావరకు క్యూబిట్లను పెంచేకొద్దీ గందరగోళమే పెరిగేది. ఇప్పుడు పెంచేకొద్దీ తగ్గుతోంది. అయినా తప్పులు సరిచూసుకునే ఒక్కో చుట్టుకు వెయ్యికి ఒకటిన్నర తప్పు ఇంకా మిగిలే ఉంది.

మరి కెఫీన్‌కు నిజంగా ఎన్ని కావాలి? ఒక్క లాజికల్‌కు వెయ్యి అనే పాత నాటు లెక్క వేస్తే లక్షా అరవై వేలు. ఐబీఎం 2024లో ప్రచురించిన, తప్పులు సరిదిద్దే కొత్త కోడ్ ప్రకారం 288 క్యూబిట్లతో 12 లాజికల్‌లు నిలుస్తాయి. ఆ లెక్కన 14 జట్లు, 4,032 క్యూబిట్లు. అదీ విషయాన్ని నిల్వ ఉంచడానికే. దానితో లెక్క కట్టడానికి పైన ఇంకా కావాలి. ఈ దారిలోనే 2029కి స్టార్లింగ్ అనే యంత్రం తెస్తామంటున్నారు, 200 లాజికల్ క్యూబిట్లు, 10 కోట్ల పనులు. ఇది కంపెనీ పెట్టుకున్న గడువు. రోడ్డు పనుల గడువు బోర్డులు చూసి పెరిగిన మనకు గడువుల సంగతి ఒకరు చెప్పాలా?

ఇంకో మాట దాచకూడదు. కెఫీన్ కోసం క్వాంటమ్ కంప్యూటర్ ఎవరికీ అక్కర్లేదు. అది మర్యాదస్తుడైన అణువు. ఉజ్జాయింపు పద్ధతులతో మామూలు కంప్యూటరే దాని గుణగణాలు చక్కగా చెప్పేస్తుంది. మొండి అణువులు వేరే ఉన్నాయి. వాటిలో ఒకటి ఈ కొండల పొలాల్లోనే దొరుకుతుంది.

పాడేరు, చింతపల్లి వైపు రాజ్‌మా వేస్తారు. ఇలాంటి చిక్కుడు జాతి మొక్క పీకి చూస్తే వేళ్లకు చిన్న బుడిపెలు కనిపిస్తాయి. లోపలున్న బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మామూలు నేల వేడిలోనే మొక్కకు తిండిగా మార్చేస్తుంది. అదే పనికి ఎరువుల పరిశ్రమ 400 డిగ్రీల పైన వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్లు మించిన ఒత్తిడి వాడుతుంది. ప్రపంచం ఖర్చు చేసే శక్తిలో ఒకటి రెండు శాతం దానికే పోతుంది. బుడిపెలోని రహస్యమంతా ఫెమోకో అనే చిన్న ముద్దలో ఉంది. ఏడు ఇనుము, ఒక మాలిబ్డినం, తొమ్మిది గంధకం, ఒక కార్బన్. పద్దెనిమిది పరమాణువులే గానీ వాటి ఎలక్ట్రాన్ల చిక్కుముడి మామూలు కంప్యూటర్లకు లొంగదు. 2021లో వచ్చిన ఒక అంచనా ప్రకారం దీన్ని విప్పడానికి 40 లక్షల క్యూబిట్లు, నాలుగు రోజులలోపు సమయం కావాలి. 156కీ దానికీ మధ్య పాతిక వేల రెట్ల దూరం. విప్పినంత మాత్రాన మర్నాడు యూరియా బస్తా చవకైపోదు కూడా.

దేశం సంగతీ చూద్దాం. జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్లు కేటాయించారు. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1,000 క్యూబిట్ల యంత్రాలు తేవాలన్నది లక్ష్యం. 2024లో టాటా మౌలిక పరిశోధన సంస్థ, డీఆర్‌డీవో 6 క్యూబిట్ల చిప్పును పరీక్షించాయి. 2025లో బెంగళూరు సంస్థ క్యూపీఏఐ 25 క్యూబిట్ల యంత్రం చూపించింది. మన అంకెలు ఇవీ.

అయితే క్వాంటమ్ కంప్యూటర్ ఇంటింటి వస్తువవుతుందా? పది లక్షల పేర్ల జాబితాలో ఒక పేరు వెతకాలంటే క్వాంటమ్ పద్ధతికి 785 అడుగులు చాలు. వినడానికి అద్భుతం. కానీ ఆ పది లక్షల పేర్లూ ముందు యంత్రంలోకి ఎక్కించాలి కదా, ఆ ఎక్కించడంలోనే లాభం ఆవిరైపోతుంది. మీ ఫోన్ ఆ వెతుకులాటను రెప్పపాటులో ముగిస్తుంది. సినిమా చూడ్డానికీ పద్దు రాయడానికీ క్వాంటమ్ కంప్యూటర్ ఎప్పటికీ దండగే. దానికి చేతనైనవి అణువుల లెక్కలు, కొన్ని రకాల గణిత చిక్కులు, అంతే.

కాబట్టి అది వస్తే మాచ్‌ఖండ్ కరెంటులా వస్తుంది. ఒడిశా సరిహద్దులో 1955లో మొదలైన ఆ 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం టర్బైన్‌ను ఎవరూ ఇంట్లో పెట్టుకోలేదు. తీగ మాత్రం వచ్చింది. ఆ తీగ ఇక్కడ ఇప్పటికే ఉంది. 2016 మే నుంచి ఐబీఎం తన యంత్రాన్ని ఇంటర్నెట్లో పెట్టింది, అప్పుడు 5 క్యూబిట్లు. ఇప్పుడు వందకు పైబడిన యంత్రాల మీద నెలకు కొన్ని నిమిషాలు ఉచితం. అరకు డిగ్రీ కాలేజీ పిల్లవాడైనా ఖాతా తెరిచి నడపొచ్చు.

విచిత్రమేమిటంటే, యంత్రం రాకముందే దాని భయం మన జేబులోకి వచ్చేసింది. ఇంటర్నెట్ తాళాలకు ఆధారమైన గణితాన్ని పెద్ద క్వాంటమ్ యంత్రం బద్దలు కొట్టగలదని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. 2019 అంచనాలో అందుకు 2 కోట్ల క్యూబిట్లు, 8 గంటలు. 2025 మేలో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ దాన్ని 10 లక్షల లోపుకు, వారం లోపుకు దించాడు. యంత్రం మారలేదు, లెక్క చేసే తీరు మారింది. ఈ రోజు దొంగిలించిన రహస్యాన్ని దాచిపెట్టుకుని, యంత్రం వచ్చాక తెరవొచ్చు కాబట్టి 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ కొత్త తాళాలు ఖరారు చేసింది. క్రోమ్ బ్రౌజర్‌లో ఆ బాపతు తాళం అదే ఏడాది అడిగినా అడక్కపోయినా పడిపోయింది.

గ్లాసు సగమయ్యాక ఇరవై రూపాయలు ఇవ్వబోయి ఫోన్ తీశాను. తెర మీద సున్నా చుట్టుకుంటూ తిరుగుతోంది. ఒక్క గీత కూడా లేదు. ఆవిడ మంటలోకి పుల్ల ఎగదోస్తూ, "ఆ మలుపుకాడికెళ్తే సిగ్నల్ తగుల్తాది బాబూ, గ్లాసు అట్టుకెళ్లండి" అంది.