ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్: గేమ్‌ల కోసం రెండూ ఎందుకు? ఎక్కడ జాగ్రత్తపడాలి?

మా ఇంట్లో ఉన్నది ఒకే డెస్క్‌టాప్. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్. కరెంటు బిల్లులు, బ్యాంకు పనులు, అక్క కొడుకు ఆడే వాలరెంట్ అన్నీ దాని మీదే.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్నవారికి మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. విండోస్ 11కి మారదామంటే, కొన్ని మినహాయింపులు తప్ప ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా కుదురుతుంది. కొత్త కంప్యూటర్ కొనడం ఇష్టం లేక మేం బ్యాంకు, మెయిల్ పనులను లినక్స్‌కి మార్చాం. విండోస్‌ను గేమ్‌కే పరిమితం చేశాం.

దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. కంప్యూటర్ ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది. ఒకసారి ఒకటే నడుస్తుంది కాబట్టి ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా దానికే దక్కుతాయి.

లినక్స్ ఒక్కటే సరిపోదా?

చాలా గేమ్‌లకు సరిపోతుంది. విండోస్ గేమ్‌లను లినక్స్‌లో నడిపే ప్రోటాన్‌ను వాల్వ్ సంస్థ 2018లో తెచ్చింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ నడిచేది దానితోనే. ఒంటరిగా ఆడే గేమ్‌లకు పెద్దగా ఇబ్బంది లేదు.

చిక్కు ఆన్‌లైన్ పోటీ గేమ్‌లతోనే. మోసాలను పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ కొన్నిటిలో విండోస్ లోపలి పొర దాకా వెళ్లి కూర్చుంటుంది. వాలరెంట్‌లోని వాన్‌గార్డ్ అలాంటిదే, అది లినక్స్‌లో నడవదు. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. అపెక్స్ లెజెండ్స్ మొదట లినక్స్‌లో ఆడనిచ్చింది. అక్కడ మోసగాళ్లు పెరిగారంటూ 2024 అక్టోబరు చివర్లో తలుపు మూసేసింది. యాంటీ చీట్ ఉన్నా ఎల్డెన్ రింగ్ మాత్రం చక్కగా నడుస్తుంది. అంటే ఇది సాంకేతిక సమస్య ఎంతో, కంపెనీ నిర్ణయం కూడా అంతే. ఇవాళ నడిచే గేమ్ రేపు ఆగిపోవచ్చు. డబ్బులు పెట్టే ముందు ప్రోటాన్‌డీబీ సైట్‌లో చూసుకోండి.

ఫైళ్లు పోకుండా ఎలా?

ముందు ఫొటోలు, పత్రాలు బయటి డిస్కులోకి కాపీ చేయండి. ఇది మొక్కుబడి సలహా కాదు. ఒకసారి లినక్స్ ఇన్‌స్టాల్ చేస్తూ తొందరలో ‘డిస్కు మొత్తం తుడిచెయ్’ అన్నదాన్ని నొక్కేశాను. రెండేళ్ల ఫొటోలు పోయాయి.

బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆపేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు, ఆ స్థితిలో లినక్స్ నుంచి విండోస్ డిస్కులో ఏదైనా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. వీలైతే లినక్స్‌కి వేరే ఎస్‌ఎస్‌డీ పెట్టడం మేలు.

వేరే డిస్కు ఉన్నా పూర్తి భరోసా లేదు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ భద్రతా అప్‌డేట్ తర్వాత చాలామంది కంప్యూటర్లలో లినక్స్ తెరుచుకోలేదు. సెక్యూర్ బూట్‌తో వచ్చిన తగువు అది. అలాగని సెక్యూర్ బూట్ ఆపేస్తే విండోస్ 11లో వాలరెంట్ ఆడనివ్వదు, బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా అంతే. సెక్యూర్ బూట్‌తో పనిచేసే ఉబుంటు, ఫెడోరా లాంటివి ఎంచుకుని, వాటి ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌ను చెరిపేయకుండా దాచుకోవడమే దారి.

గడియారం అయిదున్నర గంటలు వెనక్కి

లినక్స్ నుంచి విండోస్‌లోకి రాగానే రాత్రి 8.30కి గడియారం మధ్యాహ్నం 3 చూపిస్తే కంగారుపడొద్దు. మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. తేడా సరిగ్గా మన 5.30 గంటలు. సమయం తప్పితే కొన్ని వెబ్‌సైట్లు, గేమ్ లాగిన్‌లు మొరాయిస్తాయి. స్థానిక సమయాన్నే వాడమని లినక్స్‌కు ఒక్క కమాండ్‌తో చెప్పొచ్చు. ఏటా రెండుసార్లు గడియారం మార్చే అమెరికా లాంటి చోట్ల ఆ పద్ధతి తలనొప్పి. మనకు ఆ బెడద లేదు.