విలంబితము ఆలస్యము కాదు



మన జహనుమాలో తెలుగువారు ‘విలంబము’ అనిన ఆలస్యమనియే గ్రహింతురు. ముహూర్తము దాటినచో విలంబమైనదందురు. లోకవ్యవహారమున ఆ యర్థము సరియే. కాని వేదాధ్యయనమున ‘విలంబితము’ అనునది ఒక నియమము.

శిక్షాగ్రంథములు పఠనమునకు మూడు వృత్తులను విధించినవి: ద్రుతము, మధ్యమము, విలంబితము. నేర్చినదానిని వల్లె వేయుటకు ద్రుతము, ప్రయోగమునకు మధ్యమము, శిష్యులకు ఉపదేశించుటకు విలంబితము. పాఠశాలలో మా గురువులు సంత చెప్పునపుడు ఒకమారు నిదానముగా పలుకగా మేము రెండుమార్లు పలుకుచుంటిమి. స్వరము చెవిలో నిలుచుటకే ఆ నిదానము. అదే పనసను పిమ్మట వల్లె వేయునపుడు వేగముగా చెప్పుచుంటిమి.

మరి నిదానమునకు కొలత యెట్లు? ఒక వృత్తికంటె తరువాతి వృత్తిలో కాలము మూడవ వంతు అధికమని పతంజలి మహాభాష్యము చెప్పుచున్నది. అనగా ద్రుతమున 9 పాళ్లు పట్టినది మధ్యమమున 12, విలంబితమున 16 పాళ్లు పట్టును. ఒకే దారిని రథికుడు త్వరగాను, ఆశ్వికుడు ఆలస్యముగాను, పాదచారి మరింత ఆలస్యముగాను దాటుదురు. దారి మాత్రము పెరుగదని భాష్యకారుల దృష్టాంతము. అట్లే నెమ్మదిగా పలికినను హ్రస్వము హ్రస్వముగనే యుండవలెను. ‘దిన’ శబ్దమును సాగదీసి ‘దీన’ యనినచో పగలు పోయి దైన్యము వచ్చును!

అందుచేతనే పాణినీయశిక్ష త్వరితముతోపాటు విలంబితమును సైతము పాఠదోషములలో చేర్చినది. ఇది విరోధము కాదు. తన స్థానమున గుణమైనది అస్థానమున దోషమగును. తొందరపడి చదువు ‘శీఘ్రి’ని అధమపాఠకులు ఆరుగురిలో ఒకనిగా లెక్కించినది.

నేడు పనికి పోవు తొందరలో సహస్రనామమును ముగించుటయే లక్ష్యముగా చదువువారు కలరు. ప్రక్కన కూర్చుండిన బిడ్డ విన్నదే నేర్చును. మనము మ్రింగివేసిన అక్షరము ఆ బిడ్డకు ఎన్నటికిని అందదు. కావున నిత్యపారాయణము మధ్యమమున సాగింపుడు. పిల్లలకు నేర్పునపుడు మాత్రము విలంబితమునే ఆశ్రయింపుడు. సమయము చాలనినాడు రెండు శ్లోకములే చెప్పుడు, స్పష్టముగా చెప్పుడు.